అతిథి చేతికందని రేడియో

తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ సూరత్‌కు తరలివెళ్లిన పద్మశాలీలు లింబాయత్ పరిసరాల్లో పెద్ద సంఖ్యలో స్థిరపడగా, అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడిపింది. క్యాసెట్లు రాకమునుపు అంత దూరాన తెలుగు పాట వినడం సులభం కాదు. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం, 1950లో ఆకాశవాణిలో కలిసిన హైదరాబాద్ కేంద్రం ప్రసారాలకు వాడిన మీడియం వేవ్ తరంగాలు పగలు కొంతదూరమే సాగి, చీకటిపడ్డాక పై వాతావరణంలోని విద్యుదావేశపు పొర నుంచి వెనుదిరిగి దూరప్రాంతాలను చేరేవి. పగటిపూట ఆశ పెట్టుకోదగినది షార్ట్ వేవ్‌లో వచ్చే రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమం.

పాట అంత అరుదైన రోజుల్లో ఇంటికొచ్చినవారిని రేడియో ముట్టనివ్వకపోవడాన్ని పిసినారితనమనో డాబు అనో కొట్టిపారేయడం తొందరపాటు. సాధారణ రేడియోలో షార్ట్ వేవ్ కేంద్రాలు ముల్లు తిరిగే పలకపై ఒకదానినొకటి ఒరుసుకునేంత దగ్గరగా ఉండేవి కనుక, ఓపికగా పట్టుకున్న కేంద్రం ఎవరో మీట కాస్త కదిలిస్తే చేజారేది. ట్రాన్సిస్టర్లకు ముందరి వాల్వు రేడియోల్లో మరో చిక్కు ఉండేది: ట్రాన్స్‌ఫార్మర్ లేని చవక రకాల్లో లోపలి లోహపు చట్రం నేరుగా కరెంటు తీగతో కలిసి ఉండటంతో, మీట ఊడినచోట బయటపడిన ఇనుప కడ్డీ తాకితే షాక్ కొట్టే ప్రమాదం ఉండేది. పైగా 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో ఉంచుకోవడమే అప్పట్లో నేరం. తపాలా కార్యాలయంలో ఏటేటా రుసుము కట్టి కాపాడుకున్న వస్తువును యజమాని ఎత్తైన అరలో, కుట్టుపని చేసిన గుడ్డ కప్పి పెట్టుకోవడంలో వింత లేదు. ఆ గుడ్డ దుమ్మును ఆపినంతగానే చేతులనూ ఆపేది.

గ్రామఫోను రికార్డులదీ ఇదే కథ. లక్కతో చేసిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే పళ్లెం జారితే ముక్కలయ్యేది. తరువాత వచ్చిన ఎల్‌పీ రికార్డు అంత తేలిగ్గా పగలకపోయినా, దాని సన్నని గాళ్లలో వేలిజిడ్డు, దుమ్ము చేరి చిటపటమనేది.

ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన క్యాసెట్‌తో భయం రూపు మారింది. రికార్డు మీట పొరపాటున నొక్కితే పాత పాట చెరిగిపోయి గదిలోని మాటలే మిగులుతాయి గనుక, క్యాసెట్ వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు అమర్చారు. వాటిని విరిచేస్తే రికార్డు మీట దిగదు. 1980ల మధ్యకల్లా రేడియో లైసెన్సు రద్దయింది. క్యాసెట్ రెక్క విరవడం మాత్రం టేప్ రికార్డర్లు ఉన్నన్నాళ్లూ సాగింది.