పాఠం: యంత్రం చేసిన హాని – బాధ్యత ఎవరిది? (డియోడాండ్ నుంచి కృత్రిమ మేధ వరకు)

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• యంత్ర ప్రమాదాల విషయంలో ఇంగ్లండ్, భారతదేశ చట్టాలలో వచ్చిన మార్పులను వివరించగలరు.
• రోబోల వల్ల జరిగిన మరణాలలో బాధ్యతను ఎలా నిర్ణయించారో ఉదాహరణలతో చెప్పగలరు.
• రోబోకు చట్టపరమైన వ్యక్తిత్వం ఇవ్వాలనే వాదనను పరిశీలించగలరు.

1. పరిచయం

రోబోలు, కృత్రిమ మేధ కొత్తవే. కాని అవి చట్టం ముందుంచిన ప్రశ్న పాతది: యంత్రం వల్ల మనిషి చనిపోతే జవాబు చెప్పవలసింది ఎవరు? ఈ చరిత్రను చదువుతున్నప్పుడు ప్రతి దశలోనూ రెండు విషయాలు గమనించండి. తప్పు ఎవరి మీద మోపారు? పరిహారం ఎవరికి చేరింది?

2. దోషం వస్తువుది: డియోడాండ్

మధ్యయుగాల ఇంగ్లండ్‌లో బండి కింద పడి ఎవరైనా చనిపోతే ఆ బండి గాని, జ్యూరీ కట్టిన దాని విలువ గాని రాజుకు చెందేది. దీన్ని డియోడాండ్ అనేవారు. లాటిన్‌లో 'దేవుడికి ఇవ్వవలసినది' అని దీని అర్థం. దోషం వస్తువుకు అంటగట్టేవారు. మృతుడి కుటుంబానికి అందులో హక్కు ఉండేది కాదు.

రైళ్లు వచ్చాక ఈ పద్ధతిలోని లోపం బయటపడింది. 1841 డిసెంబరు 24న రెడింగ్ దగ్గర సోనింగ్ వద్ద, పట్టాలపై పడిన మట్టిపెళ్లలను ఒక రైలు ఢీకొంది. పైకప్పు లేని పెట్టెల్లో ప్రయాణిస్తున్న మూడో తరగతి ప్రయాణికుల్లో ఎనిమిది మంది అక్కడికక్కడే మరణించారు. జ్యూరీ 1000 పౌండ్ల డియోడాండ్ విధించింది. కాని చట్టం ప్రకారం ఆ సొమ్ము కుటుంబాలకు చెందేది కాదు. 1846లో బ్రిటిష్ పార్లమెంటు డియోడాండ్‌ను రద్దు చేసింది. అదే ఏడాది చేసిన మరో చట్టంతో, ఇతరుల తప్పు వల్ల మరణించినవారి కుటుంబాలకు నష్టపరిహారం కోరే హక్కు లభించింది.

3. భారతదేశంలో బాధ్యత సూత్రాలు

ఇదే సూత్రం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టంగా భారతదేశానికి వచ్చింది. మృతుల భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు దాని కింద దావా వేయవచ్చు. అయితే ఎదుటివారి తప్పును వారే రుజువు చేయాలి. కూలి చేసుకునే కుటుంబం మిల్లు యజమానిపై దావా వేసి, అతని నిర్లక్ష్యాన్ని నిరూపించడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు.

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం ఈ ఇబ్బందిని చాలావరకు తొలగించింది. పని కారణంగా, పనిలో ఉండగా ప్రమాదం జరిగితే, యజమాని తప్పు రుజువు కాకపోయినా పరిహారం ఇవ్వాలి. 1985లో ఢిల్లీలో జరిగిన ఓలియం వాయువు లీకు కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. ప్రమాదకర పరిశ్రమ నడిపే సంస్థది సంపూర్ణ బాధ్యత అని ప్రకటించింది. లాభం పొందేవారే అపాయాన్నీ భరించాలన్నది దీని సారం.

4. రోబోల కాలం

1979 జనవరి 25న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఫ్లాట్ రాక్‌లోని ఫోర్డ్ కర్మాగారంలో రోబో చేయి తగిలి 25 ఏళ్ల కార్మికుడు మరణించాడు. 1983లో జ్యూరీ అతని కుటుంబానికి ఒక కోటి డాలర్లు చెల్లించాలని యంత్రం తయారుచేసిన సంస్థను ఆదేశించింది. ఇక్కడ బాధ్యత తయారీదారు వరకు వెళ్లింది.

2018 మార్చిలో అరిజోనా రాష్ట్రంలోని టెంపేలో ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు, సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొని చంపింది. ఆమె కారు సెన్సర్లకు ఐదు సెకన్లకు ముందే కనిపించింది. కాని సాఫ్ట్‌వేర్ ఆమెను పాదచారిగా గుర్తించలేదు. ఆ సమయంలో కారులోని పర్యవేక్షకురాలు ఫోను చూస్తోంది. దర్యాప్తు సంస్థ ఆమె అజాగ్రత్తతో పాటు సంస్థ భద్రతా లోపాలనూ ఎత్తిచూపింది. అయినా నేరాభియోగం పర్యవేక్షకురాలి మీదే నమోదైంది; 2023లో ఆమెకు మూడేళ్ల ప్రొబేషన్ విధించారు. ఈ రెండు కేసులను పోల్చి చూడండి. యంత్రం తనంతట తాను నిర్ణయాలు తీసుకునేకొద్దీ, దాని పక్కన కూర్చున్న ఉద్యోగి మీదే నింద పడే అపాయం పెరుగుతోంది.

5. రోబోకు చట్టపరమైన వ్యక్తిత్వం

2017 ఫిబ్రవరిలో యూరోపియన్ పార్లమెంటు, అత్యాధునిక రోబోలకు 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' హోదా ఇచ్చే ఆలోచనను పరిశీలించాలని కోరింది. మనుషులు కానివారిని చట్టం వ్యక్తులుగా చూడటం మనకు కొత్త కాదు. దేవతామూర్తిని వ్యక్తిగా పరిగణించవచ్చని 1925లో ప్రీవీ కౌన్సిల్ ఒక బెంగాల్ కేసులో అంగీకరించింది. కంపెనీలూ అలాంటివే.

అయితే దేవుడికి మాన్యాలు ఉంటాయి, వాటిని చూసుకునే ధర్మకర్త ఉంటాడు. కంపెనీకి ఆస్తి ఉంటుంది. రోబోకు సొంత ఆస్తి లేదు. దానిపై గెలిచిన బాధితుడికి చేతికి వచ్చేది ఏమిటి? తయారీదారు మాత్రం తప్పించుకుంటాడు. ఈ కారణంగానే పలువురు నిపుణులు ఆ ప్రతిపాదనను వ్యతిరేకించారు. 2024 ఆగస్టు 1న అమలులోకి వచ్చిన యూరప్ కృత్రిమ మేధ చట్టం యంత్రానికి వ్యక్తిత్వం ఇవ్వలేదు. తయారీదారుల మీద, వినియోగించే సంస్థల మీద విధులు మోపింది.

6. సారాంశం

దోషాన్ని వస్తువుకు అంటగట్టిన కాలంలో కుటుంబాలకు న్యాయం దక్కలేదు. 1846 నుంచి చట్టం వస్తువు వెనక ఉన్న మనుషుల వైపు చూడటం నేర్చుకుంది. 'తప్పు యంత్రానిదే' అన్న మాటను ఒప్పుకుంటే మళ్లీ డియోడాండ్ కాలానికే చేరుతాం.

7. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. డియోడాండ్ అంటే ఏమిటి? అది ఎప్పుడు రద్దయింది?
2. 1855, 1923 చట్టాల మధ్య ముఖ్యమైన తేడాను రాయండి.
3. ఫ్లాట్ రాక్, టెంపే ప్రమాదాలలో బాధ్యతను ఎవరిపై మోపారు? మీ అభిప్రాయాన్ని కారణాలతో చర్చించండి.