ఎముకకు రసీదు యాల?

ఈ తూరి రాత కొంచెం నిడివి. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా జూజువాడి సంగంలోని ఇంటి పిల్ల ఒకతి తిరుచ్చిలో భూగర్భశాస్త్రం చదవతా ఉంది. పోయిన నెల సెలవుకు వచ్చినప్పుడు శానా కోపంగా ఉండె. ఒక మ్యూజియంలో ఉండే శిలాజాన్ని చూడను పోతే, ముందుగా జాబు రాసి రోజు అడిగి రమ్మన్నారంట. చూసినాక, కాలేజీకి తీసుకొనిపోయి పది దినాలు పెట్టుకొంటానంటే, "విద్యార్థి చేతికి ఇయ్యము, మీ కాలేజీ పేరున, పెద్దల సంతకంతో అడగండి" అన్నారంట. "తాతా, అది రాయే కదా! బంగారమా?" అని మమ్మల్ని అడిగె.

మేము రైల్వేలో గుమాస్తాగా తలనెరిసినవాళ్ళము. అందులో శానా ఏండ్లు పార్సెల్ ఆఫీసులోనే. రోజాపూల పెట్టెను కూడా రసీదు చూడకుండా ఇచ్చింది లేదు. ఆ పిల్లకు అప్పుడు సగమే చెప్పినాము. మిగిలింది ఈడ రాస్తా ఉండాము.

మన హోసూరు, క్రిష్ణగిరి గుండ్లు 250 కోట్ల ఏండ్ల నాటివి. అప్పటికి ఎముకలుండే జీవి ఏదీ పుట్టలేదు. అందుకే మన పొలాల్లో వీరగల్లులు దొరకతాయి గాని రాయైన ఎముకలు దొరకవు. అవి కావాలంటే అరియలూరుకు పోవాల. మద్రాసు నుంచి తిరుచ్చికి పోయే కార్డు లైనులో విరుదాచలం దాటినాక వస్తుంది. ఆడ సిమెంటు మిల్లులు యాల అన్ని ఉండాయంటే, ఆ నేల ఒకప్పుడు సముద్రం అడుగు. సున్నపురాయి నిండా గవ్వలే. 1840లలోనే కే, కన్లిఫ్ అనే ఇద్దరు తెల్లదొరలు ఆ చుట్టుపక్కల గవ్వలు ఏరి లండనుకు పంపినారు. 1846లో ఫోర్బ్స్ వాటిని గురించి రాసినాడు. తర్వాత 1862లో బ్లాన్‌ఫోర్డ్ ఆ రాళ్ళను ఉట్టత్తూరు, తిరుచ్చి, అరియలూరు అని మూడు వరసలుగా పంచినాడు. స్టొలిచ్కా వర్ణించిన గవ్వలు కలకత్తా చేరినాయి. మన నేల సరుకు చూడాలంటే మనమే దూరం పోవాల. ఈ కష్టం మాకూ ఉంది, లేదనము.

ఇంక అసలు కత. అరియలూరు పక్కన కల్లమేడు అని ఒక పల్లె. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన యాదగిరి, అయ్యసామి అనే ఇద్దరు ఆడ పెద్దపెద్ద ఎముకలు చూసినారు. 1980ల చివర్లో దానికి బృహత్కాయోసారస్ అని పేరు పెట్టినారు. (ఈ యాదగిరి గారే తెలంగాణలోని యామనపల్లి ఎముకలకు 1988లో కోటసారస్ అని పేరు పెట్టింది. దాని అస్తిపంజరం హైదరాబాదు బిర్లా సైన్సు సెంటర్లో నిలబడి ఉంది, పిల్లలను తీసుకొనిపోయి చూపించండి.) కల్లమేడు జంతువు కాలి ఎముక ఒక్కటే రెండు మీటర్ల పొడుగు. ముందు మాంసం తినేదన్నారు, తర్వాత ఆకులు మేసే పొడుగు మెడదన్నారు, కొందరు అది ఎముకే కాదు, రాయైన మాను అని కూడా అన్నారు. ఈ మద్దెన లెక్క వేసినవాళ్ళు నూరు టన్నులకు పైనే ఉంటుందన్నారు. గూడ్సు వ్యాగన్లో పట్టదు!

సరే, ఎముకను ఇంకొకసారి కొలిచి తగువు తీర్చుకోవచ్చు కదా అంటారు. ఎముక లేదు. ఆ నేలలోని ఎముక మెత్తన. గట్టు కట్టి తెచ్చేలోగానే కట్టులోపలే పొడి అయిపోయింది. దాని నంబరు జీఎస్ఐ పాల్ ఎస్సార్ 20. రిజిస్టరులో నంబరు ఉంది, సరుకు లేదు. పార్సెల్ ఆఫీసులో ఇట్లాంటి వరస కనబడితే మాకు ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆడ ఎవరి తప్పూ లేదు, ఎవరూ అరువు తీసుకొనిపోలేదు. అయినా పాత ఫోటోలు, బొమ్మలు పెట్టుకొనే ఇప్పటికీ వాదించుకొంటా ఉండారు.

దీనికి ఎదురు కత జబల్పూరుది. 1828లో స్లీమన్ దొర (థగ్గులను పట్టినాయనే) ఆడ తోక వెన్నుపూసలు రెండు ఏరినాడు. మన దేశంలో దొరికిన మొదటి డైనోసారు ఎముకలు అవే. 1877లో లైడెక్కర్ దానికి టైటనోసారస్ ఇండికస్ అని పేరు పెట్టినాడు. ఆ తర్వాత అవి యాడ ఉండాయో తెలియక పోయినాయనే అనుకొన్నారు. 2012లో కలకత్తాలోని సర్వేక్షణ సంస్థ సేకరణలోనే ఒక పూస దొరికె. ఇంట్లోనే ఉంది, ఇంట్లోవాళ్ళకే తెలియదు.

ఈ రెండు కతలూ చెప్పినాక ఆ పిల్లకు కోపం కొంచెం తగ్గె. అప్పుడు ఒకొక్క నియమం అడిగె.

విద్యార్థి పేరున యాల ఇయ్యరు? విద్యార్థి రెండేండ్లలో చదువు ముగించుకొని పోతాడు, కాలేజీ ఆడనే ఉంటుంది. జాబు రాస్తే బదులు చెప్పను ఒకరుండాల. రోజు అడిగి రమ్మనేది, పెట్టె తీసి ఇచ్చి పక్కన ఉండే మనిషి కావాల కాబట్టి. పోయేటప్పుడు యాడ బీటలుందో రాసి ఫోటో తీస్తారు, వచ్చినాక సరిచూస్తారు. మేము పెట్టెలు దించుకొనేటప్పుడు "మూల నలిగింది" అని రాసుకొన్నది కూడా అందుకే. కోయను, తొలచను, అచ్చు తీయను వేరుగా ఒప్పుదల కావాల. ఇంకొకరి చేతికి మార్చకూడదు. చీటీని ఎముక నుంచి విడదీయకూడదు. చీటీ పోయిన ఎముక విలాసం చిరిగిన పార్సెలు మాదిరి. యాడ దొరికిందో, ఏ అడుకులో దొరికిందో తెలియకపోతే దానికి మిగిలేది బరువే.

పేరు పెట్టినప్పటి మూల నమూనాను మటుకు శానా చోట్ల గడప దాటనియ్యరు. ఒక జాతి పేరుకు ఆ ఒక్క ఎముకే సాక్షి. తూకం సరిచూసే అసలు రాయిని ఎవరైనా అరువు ఇస్తారా? 1999 తర్వాత కొత్త జాతికి పేరు పెట్టేవాళ్ళు మూల నమూనా ఏదో, ఏ సేకరణలో ఉంటుందో రాయాలని జంతునామాల అంతర్జాతీయ నియమావళే చెప్పింది.

అయితే మ్యూజియం వాళ్ళకూ ఒక మాట. ఆ నియమావళే, మూల నమూనాలను చదివేవాళ్ళకు అందేట్లు పెట్టాలని కూడా చెప్పింది. జాబుకు బదులు రాయకుండా బీరువాకు బీగం వేసి కూర్చొంటే అది కాపాడేది కాదు, దాచేది. ఇచ్చేదానికి నియమం ఉండాల గాని, ఇయ్యకుండా ఉండేదానికి కాదు.

ఇదంతా ఎముకల కోసమే రాయలేదు. మా సంగానికి ఒక తాటాకు కట్ట ఉండె. తెలుగు రాత. మేము అరవ బడిలో చదివి, పెద్దయినాకే తెలుగు అక్షరాలు కూడబలుక్కొన్నవాళ్ళము. అందులో నాలుగు వరసలు చదవగలిగిన రోజు మాకు పండగ. శానా ఏండ్ల కిందట పరిశోధన చేస్తానని ఒకాయన వచ్చి, "నెలలో తెస్తాను" అని తీసుకొనిపోయె. చదువుకొన్న మనిషి, రాత అడిగితే బాగుండదని ఊరుకొన్నాము. ఫోటో లేదు, నకలు లేదు, ఎన్ని ఆకులో కూడా లెక్కపెట్టలేదు. జీవితమంతా రసీదులు రాసిన మేమే ఆ దినం రాయలేదు.

పోయిన ఆదివారం సంగంలో ఒక నోటుబుక్కు పెట్టినాము. గీతలు ఆ పిల్లే కొట్టె: వస్తువు, నంబరు, ఎవరికి, ఏ సంస్థ తరపున, పోయిన తేదీ, వచ్చిన తేదీ, ఎట్ల ఉండె. మీ ఇండ్లల్లో పాత పత్రాలు, తాటాకులు ఉంటే తెండి, ఫోటో తీసి నంబరు వేసి మీకే తిరిగి ఇస్తాము. ఆ పిల్ల కూడా కాలేజీ పేరున జాబు పెట్టింది. రోజు ఇచ్చినారంట.