టీడీఎల్ ఫైలు: మన దుకాణాల లెక్కల్లో ఎవరూ రాయని చరిత్ర



మనవాళ్లు ఏ ఊరికి ఎప్పుడు వచ్చారో, ఏ గుడి కట్టారో, ఏ బడి పెట్టారో ఇక్కడ చాలాసార్లు రాసుకున్నాం. వాళ్లు ఆ ఊళ్లలో నిలబడింది వ్యాపారం మీద, చేతిపని మీద. వ్యాపారం నిలబడింది లెక్క మీద. ఆ లెక్క గురించే మనం సరిగ్గా రాసుకోలేదు. చిట్టా, ఆవర్జాల రోజులు పెద్దలకు గుర్తున్నాయి కాబట్టి వాటి జోలికి ఇప్పుడు పోవడం లేదు. ఆ తర్వాతి కథ చెప్పుకుందాం. దుకాణాల్లోకి టాలీ వచ్చాక, మన వ్యాపారానికి తగ్గట్టు దానికి తగిలించుకున్న చిన్న చిన్న ఫైళ్ల కథ ఇది. వీటిని కొందరు యాడాన్ అంటారు. ఎక్కువమంది 'టీడీఎల్' అంటారు.

ముందు టాలీ పుట్టుక. 1986లో బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా కలిసి ప్యూట్రానిక్స్ అనే కంపెనీ పెట్టారు. తండ్రిది దక్షిణాది, తూర్పు ప్రాంతాల బట్టల మిల్లులకు, ఫ్యాక్టరీలకు ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసే వ్యాపారం. తన లెక్కలకు సరిపోయే సాఫ్ట్‌వేర్ దొరక్క, గణితం చదివిన కొడుకునే రాయమన్నారు. డాస్ మీద నడిచే ఆ మొదటి ప్రోగ్రాం పేరు 'ది అకౌంటెంట్'. తర్వాత అదే టాలీ అయింది. 1999లో కంపెనీ పేరు టాలీ సొల్యూషన్స్‌గా మారింది. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

ఒక వ్యాపారి ఇంట్లో, వ్యాపారి అవసరం కోసం పుట్టిన ప్రోగ్రాం కావడం వల్ల అందులో ఒక సుగుణం ఉంది. ఆ రోజుల్లో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అంటే ప్రతి ఖాతాకూ ఒక కోడు నంబరు. గుమాస్తా ఆ నంబర్లన్నీ గుర్తుపెట్టుకోవాలి. టాలీలో పేరు కొడితే ఖాతా వస్తుంది. ఆవర్జాలో పేరు వెతికి పద్దు వేసే అలవాటున్న మన గుమాస్తాలకు అది తొందరగా పట్టుబడింది. 2006లో భారతీయ భాషలు కూడా వచ్చాయి. యజమాని తెలుగు, గుమాస్తా మరాఠీ లేక కన్నడం, ఆడిటర్ ఇంగ్లిష్. ఇలాంటి ముగ్గురూ ఒకే లెక్కను చూసుకునే మన దుకాణాలకు అది చిన్న సంగతేం కాదు.

అయితే టాలీ అందరి కోసం చేసింది. మన వ్యాపారాలు మాత్రం దేనికదే వేరు.

సోలాపూరులో పవర్‌లూమ్ నడిపే మనవాళ్ల సంగతి చూడండి. నూలు ఏ కౌంటు, ఎన్ని కిలోలు ఇచ్చాం, బీము ఎవరి మగ్గం మీద ఎక్కింది, ఎన్ని తువ్వాళ్లు దిగాయి, వేస్టేజీ ఎంత, మజూరీలో అడ్వాన్సు ఎంత పట్టుకోవాలి. ఇవన్నీ ఒకే లెక్కలో భాగాలు. కోలారు టమాటా మండీలో ఒక రైతు తెచ్చిన సరుకును నలుగురైదుగురు కొంటారు. కొన్నవాళ్లకు విడివిడిగా బిల్లులు వేయాలి. హమాలీ, బాడుగ, ముందు ఇచ్చిన అడ్వాన్సు తీసేసి రైతుకు ఒకే పట్టీ రాయాలి. కోయంబత్తూరు పంపుల పరిశ్రమలో ఫౌండ్రీలో పోసిన కాస్టింగ్ బయటి లేతుకు వెళ్లి తిరిగి వస్తుంది. తూకం తగ్గుతుంది. ఆ తగ్గుదల ఎంతవరకు న్యాయమో పాతకాపులకే తెలుసు. మామూలు అమ్మకం బిల్లులో, మామూలు స్టాకు పుస్తకంలో ఇవి అమరవు.

ఈ ఖాళీలోకి వచ్చిందే టీడీఎల్. టాలీ డెఫినిషన్ లాంగ్వేజ్ అని పూర్తి పేరు. టాలీలో మనకు కనిపించే తెరలు, రిపోర్టులు, మెనూలు ఆ భాషలోనే రాసినవి. కాబట్టి ఆ భాష తెలిసినవాడు అసలు ప్రోగ్రాం జోలికి పోకుండా పక్కన ఒక చిన్న ఫైలు రాసి, ఉన్న తెరకు కొత్త గడి చేర్చవచ్చు, కొత్త రిపోర్టు పెట్టవచ్చు. ఉన్న ఇంటిని కూల్చకుండా ముందు ఒక వసారా దించుకున్నట్టు. బిల్లులో లారీ నంబరు గడి కావాలంటే కొన్ని వరుసలు చాలు. బీము లెక్క మొత్తం కావాలంటే నెలల పని.

ఎవరు రాశారు? టాలీ అమ్మే డీలర్లు, వాళ్ల దగ్గర పనిచేసే కుర్రాళ్లు, ఆడిటర్ ఆఫీసుల్లో కంప్యూటర్ పట్టుబడ్డవాళ్లు. దుకాణానికి వచ్చి గుమాస్తా పక్కన కూర్చుని, 'మీరు ఇది కాగితం మీద ఎలా వేస్తారో చూపించండి' అని అడిగి రాసుకున్నారు. మొదట్లో ఆ ఫైలు మామూలు అక్షరాల్లోనే ఉండేది, తెరిస్తే చదువుకోవచ్చు. తర్వాత దాన్ని కంపైల్ చేసి టీసీపీ ఫైలుగా ఇవ్వడం మొదలైంది. అది నడుస్తుంది, చదవడానికి రాదు. ఒక సీరియల్ నంబరున్న టాలీలోనే నడిచేలా బిగించవచ్చు. రాసినవాడి కష్టం దొంగతనం కాకుండా అది కాపాడింది. దాంతో యాడాన్లు అమ్ముకోవడం ఒక వ్యాపారమైంది. 2009లో టాలీ ఇ.ఆర్.పి. 9 వచ్చాక కంట్రోల్ సెంటర్ నుంచి ఒక సంస్థ శాఖలన్నిటికీ ఒకేసారి ఫైలు పంపే వీలు కలిగింది. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఊరూరా తిరగాల్సిన పని తగ్గింది.

పన్నులు మారిన ప్రతిసారీ ఈ పని మళ్లీ మొదటికి వచ్చింది. కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశా, ఆంధ్రలో 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. తమిళనాడులో 2007 జనవరి 1న, పుదుచ్చేరిలో 2007 జూలై 1న. అంటే కాకినాడ దుకాణం వ్యాట్‌లోకి వెళ్లాక రెండేళ్లకు పైగా యానాం దుకాణం పాత అమ్మకం పన్నులోనే ఉంది. రెండు వైపులా సరుకు తిప్పే మనవాళ్లు రెండు రకాల లెక్క ఒకేసారి నడిపారు. కర్ణాటకలో వ్యాట్ 100, మహారాష్ట్రలో ఫారం 231, ఒడిశాలో వ్యాట్ 201, తమిళనాడులో ఫారం 1. పన్ను ఫారాలు టాలీ కంపెనీయే ఇచ్చేది. మన వ్యాపారానికి చేయించుకున్న ప్రత్యేక బిల్లులు మాత్రం ఎవరివి వాళ్లే సరిచేయించుకోవాలి.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చి చాలా వ్యాపారాలకు రాష్ట్రాల ఫారాలు పోయాయి. బిల్లు రూపమే మారిపోయింది. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలైన ఇ-ఇన్వాయిస్, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటినవాళ్ల దాకా దిగింది. ఈలోగా 2020 నవంబరులో టాలీప్రైమ్ వచ్చింది. తెరల అమరిక, మీటలు మారాయి. పాత టీడీఎల్ ఫైళ్లలో చాలావాటిని తిరిగి సరిచేయాల్సి వచ్చింది. రాసినవాళ్లు అందుబాటులో ఉన్న దుకాణాలు గట్టెక్కాయి. లేనివాళ్లు కొందరు ఇప్పటికీ ఒక మూల పాత కంప్యూటరులో ఇ.ఆర్.పి. 9 అలాగే ఉంచుకుని నడుపుతున్నారు.

అసలు మేము ఇది రాయడానికి కారణం అక్కడే ఉంది. యాడాన్ ద్వారా చేర్చిన గడిని యూడీఎఫ్ అంటారు. అందులో మనం నింపిన సమాచారం మన డేటాలోనే ఉంటుంది. కానీ ఒక అంకె కింద దాక్కుని ఉంటుంది. ఆ అంకెకు అర్థం 'బీము నంబరు' అని చెప్పేది టీడీఎల్ ఫైలే. ఫైలు తీసేస్తే సమాచారం పోదు, కనిపించదు. వేరేవాళ్లు రాసిన రెండో యాడాన్ అదే అంకెను ఇంకో పనికి వాడితే తారుమారవుతుంది. గదిలో సామాను భద్రంగా ఉంది, తాళం చెవి మాత్రం ఊరు విడిచి వెళ్లిన మనిషి దగ్గర ఉంది. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు, కంపెనీలైతే కంపెనీల చట్టం ప్రకారం 8 ఏళ్లు పుస్తకాలు దాచాలి. అధికారి అడిగిన రోజున 'రాసినవాడు ఫోను ఎత్తడం లేదు' అంటే వినరు.

చట్టం కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. నూలుకు ఎంత వేస్టేజీ ఒప్పుకోవాలి, పోతలో ఎంత తూకం తగ్గవచ్చు, పట్టీలో ఏది ముందు తీసేయాలి, ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. తాతల నోట, గుమాస్తాల చేతుల్లో ఉండేవి. చిట్టాలు రాయడం మానేశాక వాటిని ఎవరో ఒకరు కూర్చుని వరుసగా రాసింది ఈ టీడీఎల్ ఫైళ్లలోనే. ఆ గుమాస్తాలు చాలామంది ఇప్పుడు లేరు. ఫైలేమో చదవరాని టీసీపీ. మన వ్యాపార పద్ధతుల ఆఖరి రాత మనమే చదువుకోలేని స్థితిలో ఉంది. చరిత్ర పోవడానికి చెదలే పట్టక్కర్లేదు.

అందుకని సభ్యులకు మా మనవి. కొత్తగా యాడాన్ చేయించుకునేటప్పుడు ధరతోపాటు రెండు విషయాలు కాగితం మీద పెట్టించుకోండి. చదవగలిగే అసలు ఫైలు ఒక ప్రతి ఎక్కడ ఉంటుంది, రాసినవారు పని మానేస్తే అది మనకు ఎలా చేరుతుంది అన్నది ఒకటి. ఏ గడికి ఏ అంకె వాడారో పట్టిక రెండోది. రాసినవారి కష్టానికి ధర ఇవ్వడానికి వెనకాడవద్దు. ఆ పట్టిక ఇవ్వడంవల్ల వాళ్లకు నష్టమేమీ లేదు. ఏటా మార్చి 31 లెక్క ముగిశాక ఆ ప్రత్యేక గడులన్నీ ఎక్సెల్‌లోకి తీసి దాచండి. ఇంట్లో పెద్ద గుమాస్తాలుంటే వాళ్ల లెక్క పద్ధతి ఒక నోటుబుక్కులో రాయించండి, తెలుగులోనో, ఆ ఊరి భాషలోనో.

బీకాం చదువుతున్న మన పిల్లలకూ ఒక మాట. టీడీఎల్ నేర్చుకోవడం కష్టమేం కాదు. టాలీ డెవలపర్ తెరిస్తే టాలీ తన తెరలను ఎలా రాసుకుందో కూడా చూడవచ్చు. భాష నేర్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. బీము లెక్క, పట్టీ లెక్క తెలిసినవాళ్లు మాత్రం మన ఇళ్లలోనే ఉన్నారు, అదీ ఇంకొన్నాళ్లే.

మీ ఊళ్లో మన వ్యాపారాలకు మొదట యాడాన్ రాసినవారెవరో, ఏ లెక్కకు రాశారో కనుక్కుని వచ్చే సమావేశానికి వివరాలు తీసుకురండి. గుడి కట్టినవారి పేర్లు శిలాఫలకం మీద ఉన్నాయి. వీళ్ల పని మన సంఘం రికార్డులోనైనా ఉండాలి.