తిరిగి వైద్య పరీక్షకు: మాజీ సైనికుల వైకల్య పింఛను అప్పీళ్ల చరిత్ర

1953 అక్టోబరు 1న రాయదుర్గం, ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రకు చెంది, బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రంలో కలిసినందువల్ల, ఆ తాలూకాలో తెలుగు, కన్నడం రెండూ వినిపించే రూపనగుడి గ్రామం కర్ణాటక వైపు నిలిచింది. అందుకే వైకల్య పింఛను నిరాకరణకు గురైన ఇక్కడి మాజీ సైనికుడి కేసు నేడు సాయుధ దళాల ట్రిబ్యునల్ కొచ్చి ధర్మాసనం పరిధిలోకి వస్తుంది. సరిహద్దుకు అవతలి రాయదుర్గం వాసి కేసు చెన్నై ధర్మాసనానికి చెందుతుంది.

ఈ పింఛనుకు ఆధారమైన 1961 నాటి సైనిక పింఛను నిబంధనలు రెండు షరతులు పెట్టాయి: వైకల్యం సైనిక సేవ వల్ల కలిగినదో, ఆ సేవ వల్ల ముదిరినదో అయి ఉండాలి, దాని తీవ్రత 20 శాతానికి తగ్గకూడదు. ఈ రెండింటినీ అంచనా వేసేది సైనిక వైద్యుల బృందమైన మెడికల్ బోర్డు. మంజూరైన పింఛను కూడా చాలామందికి నిర్ణీత కాలానికే పరిమితమయ్యేది. గడువు ముగిశాక రీసర్వే బోర్డు, అంటే పునఃపరీక్ష జరిపే బోర్డు, తీవ్రత 20 శాతం లోపేనని తేలిస్తే ఆ ఆదాయం ఆగిపోయేది. ఊరికి దూరంగా ఉన్న సైనిక ఆసుపత్రికి పదేపదే వెళ్లవలసి రావడం గాయపడ్డవాడిపై మోపిన అన్యాయమైన భారమే. 2001 ఫిబ్రవరి 7 నాటి రక్షణ శాఖ ఉత్తర్వు దానిని చాలావరకు తొలగించి, శాశ్వత వైకల్యంపై నిర్ణయం జీవితాంతం చెల్లుతుందనీ, సైనికుడే కోరితే తప్ప తిరిగి పరీక్ష ఉండదనీ నిర్దేశించింది.

అయితే అసలు వివాదం శాతం గురించి కాక కారణం గురించి సాగింది. చేరే నాటి పత్రాల్లో రోగం నమోదు కాకపోతే సైనికుడు ఆరోగ్యవంతుడిగానే చేరినట్టు భావించాలనీ, రుజువు భారం అతడిపై ఉండదనీ 1982 అర్హతా నియమాలు చెప్పినా, వ్యాధి శరీర స్వభావం వల్లే వచ్చిందన్న ఒక్క వాక్యంతో బోర్డులు అర్జీలను తోసిపుచ్చేవి. 2013 జూలై 2న ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అలాంటి అభిప్రాయానికి బోర్డు కారణాలు చూపి తీరాలని స్పష్టం చేసింది. అదే ఏడాది, స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి పేరిట సర్వీసు నుంచి తప్పించిన మరో సైనికుడి విషయంలో, వైద్యుల అభిప్రాయం న్యాయ సమీక్షకు అతీతం కాదంటూ, అతణ్ణి రివ్యూ మెడికల్ బోర్డుకు పంపమని ఆదేశించింది.

ఇలా తిప్పి పంపడం గెలుపూ కాదు, ఓటమీ కాదు. కారణం రాయని పాత నివేదికను పక్కనపెట్టి, సర్వీసు రికార్డుల ఆధారంగా కొత్త అభిప్రాయం తెప్పించే అవకాశం మాత్రమే. కాబట్టి అర్జీదారు చేరిక నాటి వైద్య పత్రాలు, ఆసుపత్రి రికార్డులు బోర్డు ముందు ఉండేలా చూసుకోవడం అత్యవసరం. 2023 సెప్టెంబరు 21న కొత్త అర్హతా నియమాలు వచ్చినా, అంతకు ముందే సర్వీసు వీడినవారి కేసులకు పాత నియమాలే వర్తిస్తాయి.