ఒకే ఉగ్రాణము: కెర్నెలులో మెమరీ పంపకము

పెండ్లివారింట బియ్యమునకొక గది, పప్పునకొక గది, నేతికొక గది ఏర్పరచి, ఒక్కొక్క తాళపుచెవిని ఒక్కొక్కరి చేతికిచ్చినచో ఏమగును? ఒక గది ఖాళీగా పడియుండును. ప్రక్క గది చాలక సామాను వసారాలో పేరుకొనును. కంప్యూటరుల చరిత్రలో ఇట్టి చిక్కే ఒకటి వచ్చెను.

కంప్యూటరులో నడచు పనులన్నిటికి వసతులు సమకూర్చు ప్రోగ్రాముల సముదాయమే ఆపరేటింగ్ సిస్టమ్. అందులో యంత్రముతో నేరుగా వ్యవహరించు నడిమి భాగమునకు కెర్నెలు అని పేరు. ఫైలును తెరచుటకైనను, మరియొక యంత్రమునకు సమాచారము పంపుటకైనను కెర్నెలునకు కొంత మెమరీ కావలెను. పని తీరగానే దానిని తిరిగి అప్పగించవలెను.

యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమ్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టెను. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు దానిని పెంపొందించి, 1986లో 4.3 బి.ఎస్.డి. అను కూర్పును వెలువరించిరి. అప్పటికి ఆ కెర్నెలులో మెమరీని పంచు పద్ధతులు 10కి తక్కువ కాకుండ చేరియుండెను. ఒక విభాగపు వాటాలో మిగిలినది వేరొక విభాగమునకు అక్కరకు రాదు.

1988లో కిర్క్ మెకూసిక్, మైకేల్ కారెల్స్ అనువారు వీటన్నిటికి బదులు ఒకే పద్ధతిని ప్రతిపాదించిరి. కావలసినవారు పరిమాణము చెప్పి అడుగవలెను. తిరిగి ఇచ్చునపుడు చిరునామా చెప్పిన చాలును. మరి ఆ ముక్క ఎంత పెద్దదో కెర్నెలునకు తెలియుటెట్లు? మెమరీని పుటలుగా విభజించి, ఒక్కొక్క పుటను ఒకే కొలత ముక్కలుగా కోసి, ఆ కొలతను ఒక పట్టికలో వ్రాసియుంచిరి. చిరునామాను బట్టి పుట, పుటను బట్టి కొలత తెలియును.

ముక్కల కొలతలు 32, 64, 128 బైటులు, ఈ వరుసను రెట్టింపగుచుండును. 100 బైటులు అడిగినవారికి 128 బైటుల ముక్క లభించును. పెద్ద కోరికలకును ఇట్లే రెట్టించినచో సగమువరకు వృథా కావచ్చును. కనుక వాటికి ఎన్ని పుటలు అవసరమో అన్నియే ఇచ్చిరి.

అందరికి ఒకే వాకిలి అయినచో జాప్యము కలుగదా? కలిగినచో ప్రతివారును మరల తమ సొంత పద్ధతికే పోవుదురు. కాని చిన్న ముక్క నిచ్చుటకు వాక్స్ యంత్రముపై సుమారు 15 ఆదేశములే సరిపోయెను. లోపము లేకపోలేదు: ఒక కొలతకు కోసిన పుట మరల వేరొక కొలతకు ఉపయోగపడదు.

1994లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థకు చెందిన జెఫ్ బాన్విక్ స్లాబ్ అను పద్ధతిని ప్రకటించెను. తరచు వాడు వస్తువులను వాడుక ముగిసిన పిదప చెరపక, సిద్ధముగా ఉంచుటయే ఇందలి కీలకము. ఈ భావము లినక్స్ కెర్నెలులోనికిని ప్రవేశించెను. అచట 2007లో స్లబ్ అను క్రొత్త పద్ధతి చేరెను. 2024లో పాత స్లాబును తొలగించిరి. లోపలి ఏర్పాటు ఇంత మారినను, మెమరీని అడుగు విధము మారలేదు.

వాకిలి ఒక్కటిగా, స్థిరముగా ఉన్నందువలననే లోపలి గదులను ఎన్నిసార్లయినను తిరిగి కట్టుకొనుటకు వీలు కలిగెను.