పాత రూటర్‌తో ప్రింట్ సర్వర్

వాడకుండా పక్కన పెట్టిన రూటర్‌కు యూఎస్‌బీ ప్రింటర్‌ను తగిలించి, ఇంట్లోని కంప్యూటర్లన్నీ దాన్ని వాడుకునేలా చేసే ఏర్పాటు ఇది. వైఫై, ఈథర్‌నెట్ రెండూ లేని ప్రింటర్లకు బాగా పనికొస్తుంది. అలాంటి ప్రింటర్‌ను మామూలుగా ఒక కంప్యూటర్‌కు కలిపి విండోస్‌లో షేర్ చేస్తారు. ఆ కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటే మిగతావాళ్లకు ప్రింటు రాదు. రూటర్ అయితే రోజంతా ఆన్‌లో ఉన్నా కరెంటు పెద్దగా కాలదు. పైగా యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు 5 మీటర్లే హద్దు. ఈథర్‌నెట్ కేబుల్‌ను 100 మీటర్ల దాకా లాగవచ్చు కాబట్టి ప్రింటర్‌ను ఏ గదిలోనైనా పెట్టుకోవచ్చు.

పనిచేసే తీరు

రూటర్‌కు ప్రింటింగ్ గురించి ఏమీ తెలియనక్కర్లేదు. పేజీని ప్రింటర్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చే పని కంప్యూటర్‌లోని డ్రైవర్ ముందే ముగిస్తుంది. నెట్‌వర్క్ మీదుగా వచ్చిన ఆ బైట్లను వచ్చినట్టే యూఎస్‌బీ తీగలోకి వదలడమే రూటర్ పని. ఈ ఏర్పాటు చవకగా కుదరడానికీ, కొన్ని ప్రింటర్ల దగ్గర చతికిలబడడానికీ కారణం ఇదే. తెలుగు పత్రాల విషయంలో ఇది మేలు కూడా. ఒత్తులు, గుణింతాలు కుదిరిన అక్షర రూపాలు కంప్యూటర్‌లోనే తయారైపోతాయి. రూటర్‌లో తెలుగు ఫాంటు లేకపోయినా 'స్త్రీ' అనే అక్షరం చెదరకుండా కాగితం మీదికి వస్తుంది.

ఈ పద్ధతికి మూలం 1991లో హ్యూలెట్ ప్యాకార్డ్ తెచ్చిన జెట్‌డైరెక్ట్ కార్డులు. ప్రింటర్‌ను నేరుగా నెట్‌వర్క్‌కు కలిపే ఈ కార్డుల వల్లే టీసీపీ 9100 పోర్టు వాడుకలో స్థిరపడింది. రూటర్లలోకి ఈ పని రావడానికి దారి వేసింది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్ సోర్స్ కోడ్ 2003లో బయటికి వచ్చాక, దాని ఆధారంగా 2004లో మొదలైన లినక్స్ ఫర్మ్‌వేర్ ఇది. దీనిలో ప్రింటర్ పనికి పీ910ఎన్‌డీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. ఇది స్పూలింగ్ చేయదు, అంటే వచ్చిన పేజీలను దాచిపెట్టుకోదు. అందుకే కొద్దిపాటి ర్యామ్‌తోనే నడుస్తుంది. ఒకరి ప్రింటు అయ్యేదాకా రెండోవారి పేజీలు వాళ్ల కంప్యూటర్‌లోనే వరుసలో ఉంటాయి.

అమరిక

రూటర్‌కు యూఎస్‌బీ పోర్టు ఉండి తీరాలి. కొన్ని కంపెనీల రూటర్లలో ప్రింట్ సర్వర్ ముందే ఉంటుంది కాబట్టి ముందు ఆ మెనూ వెతకడం మంచిది. లేకపోతే ఆ మోడల్‌కు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మద్దతు ఉందేమో చూసి, ఉంటే దాన్ని వేసుకోవాలి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న బాగా పాత రూటర్లకు కొత్త విడుదలలు పనికిరావు.

ఎక్కువమంది చిక్కుకునేది ప్రింటర్ దగ్గర కాదు, ఐపీ చిరునామాల దగ్గర. రెండు రూటర్లకూ కంపెనీ ఇచ్చిన చిరునామా 192.168.1.1 అయితే ఒకదానికొకటి అడ్డుపడతాయి. పాతదానికి 192.168.1.2 లాంటి స్థిరమైన చిరునామా ఇవ్వాలి. అది ప్రధాన రూటర్ పంచిపెట్టే చిరునామాల వరుసలో లేకుండా చూసుకోవాలి. పాతదానిలో చిరునామాలు పంచిపెట్టే డీహెచ్‌సీపీని ఆపేయాలి. ఆపకపోతే ఇంట్లోని ఫోన్లు కొన్ని దీని దగ్గర చిరునామా తీసుకుని ఇంటర్నెట్ పోగొట్టుకుంటాయి. కేబుల్‌ను వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులోనే పెట్టాలి. వ్యాన్‌లో పెడితే పాత రూటర్ వెనుక వేరే నెట్‌వర్క్ తయారై, ఫైర్‌వాల్ అడ్డుతో ప్రింటర్ మిగతా ఇంటికి అందకుండా పోతుంది.

ఆ తర్వాత యూఎస్‌బీ ప్రింటర్ మాడ్యూల్, పీ910ఎన్‌డీ ఇన్‌స్టాల్ చేసి ప్రింటర్ తగిలిస్తే, అది ఎల్‌పీ0 అనే పేరుతో కనబడుతుంది. విండోస్‌లో 'స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్' ఎంచుకుని, రూటర్ చిరునామా ఇచ్చి, ప్రోటోకాల్ 'రా', పోర్టు 9100 అని పెట్టాలి. డ్రైవర్ మాత్రం ప్రతి కంప్యూటర్‌లోనూ వేసుకోక తప్పదు.

మొరాయించే ప్రింటర్లు

పోస్ట్‌స్క్రిప్ట్ లేదా పీసీఎల్ అనే ప్రింటర్ భాషలు అర్థమయ్యే ప్రింటర్లతో పేచీ ఉండదు. ధర తగ్గించడానికి తెలివినంతా కంప్యూటర్‌కు వదిలేసిన మోడళ్లతోనే తంటా. మన చిన్న ఆఫీసుల్లో, జిరాక్స్ షాపుల్లో తరచూ కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అలాంటిదే. దాని ఫర్మ్‌వేర్ దానిలో నిలవదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ పంపాలి, రూటర్‌కు ఆ సంగతి తెలియదు. అందుకని ఆ ఫర్మ్‌వేర్ ఫైలును రూటర్‌లోనే ఉంచి, ప్రింటర్ ఆన్ కాగానే పంపేలా చిన్న స్క్రిప్టు రాసిపెడతారు. ఫైలు అందగానే ప్రింటర్ లోపల మోటారు ఒకసారి గరగరమని తిరిగి ఆగుతుంది. ఆ చప్పుడు వినబడితే పని కుదిరినట్టే.

కెనాన్ ఎల్‌బీపీ2900 ఇంకా మొండిది. దాని సీఏపీటీ పద్ధతిలో డ్రైవర్ ప్రింటర్‌ను అడుగడుగునా స్థితి అడిగి, జవాబు వచ్చాకే ముందుకు సాగుతుంది. ఒకవైపు బైట్లు తోసే దారి దానికి చాలదు. అలాంటివాటికి యూఎస్‌బీ సంకేతాలనే నెట్‌వర్క్ మీదుగా పంపే యూఎస్‌బీ/ఐపీ వాడతారు, కానీ అప్పుడు ఒకసారికి ఒక్క కంప్యూటరే ప్రింటర్‌ను పట్టుకోగలదు. ఆల్-ఇన్-వన్ యంత్రాల్లో స్కానర్ కూడా 9100 పోర్టు దారిలో పనిచేయదు.

ఫోన్ల నుంచి ప్రింటు తీయాలంటే రూటర్ చాలదు. ఐఫోన్లలో 2010 నుంచి ఉన్న ఎయిర్‌ప్రింట్ గానీ, ఆండ్రాయిడ్‌లోని ప్రింట్ సేవ గానీ ఐపీపీ ప్రోటోకాల్ మీద నడుస్తాయి. పేజీని ప్రింటర్ భాషలోకి మార్చేవారు అవతల ఉండాలి. ఆ పనికి రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌లో కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం మేలు.

9100 పోర్టుకు పాస్‌వర్డు లేదు. ఎక్కడినుంచైనా ప్రింటు తీసుకోవచ్చన్న ఆశతో దీన్ని ఇంటర్నెట్‌కు తెరవకూడదు. 2018 నవంబరులో ఒక హ్యాకర్ అలా తెరిచి ఉన్న ప్రింటర్లకు తన సందేశాన్ని పంపి ముద్రింపజేశాడు. ఆయన చెప్పుకున్న లెక్క ప్రకారం ఆ ప్రింటర్లు 50,000.