దాచిన సొమ్మునకు పూచీ యెవరిది?

రైలుబండ్లు లేని దినములలో మన పల్లెలనుండి కాశీయాత్రకు బయలుదేరు గృహస్థులు, ఇంటనున్న నగలను మూటగట్టి, ముడిపై లక్కముద్ర వేసి, నమ్మకస్థుడని పేరుపొందిన వర్తకుని చేతికో బంధువు చేతికో అప్పగించి వెళ్లెడివారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను సామెత ఆనాటి ప్రయాణముల కష్టమును తెలుపుచున్నది. పోయినవాడు తిరిగివచ్చుట దైవాధీనము. మూట తిరిగివచ్చుట మాత్రము పుచ్చుకొన్నవాని ధర్మాధీనము. ఈ రెండవదానిని మన పెద్దలు వట్టి మర్యాదగా విడిచిపెట్టక శాసనముగా వ్రాసిరి.

నేడు మూటకు బదులు బ్యాంకు లాకరును, పొరుగింటి భోషాణమునకు బదులు అద్దెకు దొరకు నిలువగదియు వచ్చినవి. దొంగలు మాత్రము మారలేదు. సొమ్ము పోయిననాడు గదిగలవాడు బీమాకంపెనీని చూపును. బీమాకంపెనీ తన పత్రములోని యొక చిన్నమాటను చూపును. ఈ చిక్కు ఎట్లు పుట్టినదో చరిత్రక్రమమున విచారించుట మన గృహములకు మేలని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున చెప్పబడిన పదునెనిమిది వ్యవహారపదములలో మొదటిది ఋణాదానము, రెండవది నిక్షేపము. అనగా అప్పుల తగవు తరువాత రాజు వినవలసిన తగవు దాచిన సొమ్మును గూర్చినదే. యాజ్ఞవల్క్యుడు ఇందొక విశేషమును విడదీసి చూపెను. లోపల నున్నదేమో చెప్పక, మూసిన పెట్టెలో నుంచి యొరుల చేతికిచ్చిన ద్రవ్యమునకు ఔపనిధికమని పేరు. పుచ్చుకొన్నవాడు దానిని ఎట్లు పుచ్చుకొనెనో అట్లే తిరిగి యీయవలెను. రాజువలనను దైవమువలనను దొంగలవలనను పోయినయెడల అతనికి పూచీ లేదు. కాని సొంతదారు అడిగినప్పుడు ఈయక, అటుపిమ్మట పోగొట్టినచో, సొమ్మును దానితో సమానమైన దండుగను చెల్లింపవలెను. తన యిష్టమున వాడుకొనినచో వృద్ధితో గూడ ఇచ్చుకొనవలెను. నారదుడు మఱియొక ఒరపిడిరాయిని చూపెను. పరుల సొమ్ముతోపాటు తన సొమ్మును గూడ పోగొట్టుకొనినవానిపై పూచీ పెట్టరాదు. తన పెట్టె క్షేమముగా నుండి పొరుగువాని మూట మాత్రమే మాయమైనచో సందేహింపవలసినదేయని దీనివలన తోచుచున్నది.

సాక్షులు లేనిచోట ఏమి చేయవలెను? మనువు చెప్పిన ఉపాయము చిత్రమైనది. న్యాయాధికారి తగిన చారులచేత ఏదో నెపమున ఆ మనుష్యుని యొద్దనే బంగారము దాచిపెట్టించి, అతడు దానిని సరిగా తిరిగి యిచ్చునో లేదో పరీక్షింపవలెనట. లోపల నున్నదేమో ఋజువు చేయుట కష్టమని ఆ కాలమునకే తెలిసియుండెననుటకు ఇది నిదర్శనము.

ఇవి చూపి మన పూర్వులకు తెలియనిది లేదని విఱ్ఱవీగుట మా యుద్దేశము గాదు. ఆ ధర్మము ఒకరినొకరు ఎఱిగిన ఊళ్లకు తగినది. మంచి కులమున పుట్టినవాని యొద్దనే దాచుకొమ్మని చెప్పుట ఆ కాలపు పరిమితి. ఐనను మేము మెచ్చవలసిన దొకటి కలదు. ఆ ధర్మము ఒక్క భాషలో బందీయై యుండలేదు. కల్యాణి చాళుక్యుడైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను వ్రాసెను. 13వ శతాబ్దిలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగుపద్యములలోనికి తెచ్చెను. సంస్కృతము రాని తెలుగువాడును తన తగవును తన భాషలో తెలిసికొనవలెనన్న కోరిక ఇంతటి పూర్వమైనది. ఇన్ని శతాబ్దులు గడచిన పిమ్మట మన యిండ్లకు వచ్చు బీమాపత్రములు మాత్రము తఱచుగా పరభాషలో, చీమతలవంటి అక్షరములతో నుండుట శోచనీయము.

ఇక ఆంగ్లేయుల కథ. 1601వ సంవత్సరమున ఇంగ్లండులో సౌత్‌కోటు వ్యాజ్యమను పేర ప్రసిద్ధమైన తగవున, భద్రపఱచెదనని సొమ్ము పుచ్చుకొన్నవాడు దొంగలు దోచినను ఇచ్చుకొనవలసినదేయని తీర్పయ్యెను. స్నేహముచేత ఉంచుకొన్నవానికి ఇది కఠినశిక్షయే. 1703వ సంవత్సరమున బ్రాందీపీపాలను ఉచితముగా మోయించెదనని ఒప్పుకొని, ఒకదానిని పగులగొట్టిన వ్యక్తిని గూర్చిన వ్యాజ్యమున ప్రధానన్యాయమూర్తి హోల్టు ఆ పాతసూత్రమును సడలించెను. పరుల సొమ్ము చేతనుంచుకొనుటలో ఆఱు విధములు కలవనియు, లాభము ఎవరిదో దానినిబట్టి జాగ్రత్త హెచ్చుతగ్గులగుననియు ఆయన విభజించి చూపెను.

శాకుంతలమును ఇంగ్లీషున ననువదించిన విలియం జోన్సును మన పాఠకు లెఱుగుదురు. ఆయన 1783లో న్యాయమూర్తిగా కలకత్తాకు రాకముందే, 1781లో, ఈ నిక్షేపన్యాయమును గూర్చియే యొక గ్రంథము ప్రకటించెను. దాయభాగము మొదలైనవానిలో హిందువుల విధులు తమ విధులకు మిక్కిలి భిన్నములైనను, ఒడంబడికల విషయమున భారతీయుల పోథీయు రోమనుల న్యాయసంహితయు అంత దూరమైనవి గావని ఆయన అందు చెప్పెను. సంస్కృతము నేర్వకపూర్వమే ఆయన ఈ మాట వ్రాయుట గమనింపదగినది. ఈ విచారమంతయు 1872వ సంవత్సరపు భారత ఒడంబడికల చట్టమున స్థిరపడినది. సామాన్యవివేకము గలవాడు అటువంటి తన సొంత సొమ్మును ఎంత జాగ్రత్తగా చూచుకొనునో, పరుల సొమ్మును అంత జాగ్రత్తగా చూడవలెనని ఆ చట్టము 151వ సెక్షను చెప్పుచున్నది. నారదుని ఒరపిడిరాయికి ఇది దూరపు చుట్టము.

ఇంతవరకు కథ సూటిగానే నడచినది. 1960 దశాబ్దమున అమెరికాలో టెక్సాసు మొదలగు చోట్ల వెలసిన సెల్ఫ్‌స్టోరేజి గదులు దీనికి క్రొత్త మలుపు త్రిప్పినవి. ఉద్యోగమునకై ఊరు మాఱు కుటుంబములు, అక్కడ స్థిరపడిన మన తెలుగువారును, ఇల్లు దొరకువరకు సామానును ఈ గదులలో నుంతురు. హైదరాబాదువంటి మన నగరములకును ఈ పద్ధతి వచ్చినది. ఇందు తాళము మనదే, తాళపుచెవి మనదే. లోపల నున్నదేమో గదిగలవాడు చూడడు. ఇది యాజ్ఞవల్క్యుని ఔపనిధికము వలెనే కనబడును. కాని ఒడంబడికలో, మీ సామానును మేము పుచ్చుకొనలేదు, మీకు చోటును మాత్రమే అద్దెకిచ్చితిమి అని వ్రాయబడి యుండును. నిక్షేపమను మాట తీసి అద్దె అను మాట వేయుటతో, కాపాడవలసినవాడు కేవలము స్థలముగలవాడయ్యెను. నష్టమును బీమాచేత తీర్చుకొనుడని చేయి కడుగుకొనుట దాని ఫలము.

బీమాచేత తీఱునా? లండనులోని లాయిడ్సు వర్తకసంఘమున 19వ శతాబ్ది చివర కత్‌బర్టు హీతు అను నాతడు దొంగతనమునకు బీమా నిచ్చుట మొదలుపెట్టెను. ఇంటివారే తీసి దొంగలు దోచిరనుట సులభము గనుక, బలప్రయోగముతో లోపల జొచ్చినచోటనే చెల్లింతుమను నియమము ఇట్టి పత్రములలో వాడుకయైనది. మన సుప్రీముకోర్టు 2004వ సంవత్సరమున హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ వ్యాజ్యమున ఇదే నిర్ణయించినది: పత్రములో బలప్రయోగమని యున్నచో, బలము లేని చోరీకి కంపెనీ చెల్లింపనక్కఱలేదు. నిలువగదుల దొంగ యేమి చేయును? తాళము కోసి, సొమ్ము తీసికొని, అటువంటిదే మఱియొక తాళము వేసి పోవును. గదిని ఆఱుమాసముల కొకసారి చూచువానికి పగిలిన తలుపు కనబడదు, దొంగతనము జరిగిన దినము తెలియదు. లేని గుర్తును చూపుమని యడిగిన నతడేమి చూపగలడు?

మఱియొక చిక్కు మొత్తమును గూర్చినది. అమెరికాలో ఇండ్ల బీమాకు విరివిగా వాడు పత్రమున 2011వ సంవత్సరపు కూర్పునుండి, ఇట్టి గదులలోని సామానునకు ఇంటిసామాను బీమాలో నూటికి 10 వంతులు గాని 1,000 డాలర్లు గాని, ఏది హెచ్చైన అంతవఱకే, అని హద్దు పెట్టబడినది. 50,000 డాలర్ల బీమా గలవాడు గదిలో 20,000 డాలర్ల సామాను పోగొట్టుకొనినచో అతనికి చేరునది 5,000 మాత్రమే.

మన దేశమున లాకరుల కథయు ఇట్టిదే. కలకత్తాలో ఒక గృహస్థుని తల్లి 1950 ప్రాంతమున తీసికొన్న లాకరును, అద్దె బాకీయున్నదని బ్యాంకువారు 1994లో తగిన తెలియజేత లేకయే పగులగొట్టి మఱియొకరి కిచ్చిరి. ఏడు నగలుండెనని ఆయన వాదము; దొరకినవి రెండు. వ్యాజ్యము ఇరువదియైదేండ్లకు పైగా సాగినది. 2021 ఫిబ్రవరి 19వ తేదీన సుప్రీముకోర్టు, లోపల నున్నదేమో తెలియదను మాట చాటున బ్యాంకు తన బాధ్యతను తప్పించుకొనరాదని తీర్చి, 5 లక్షల రూపాయల పరిహారమును, 1 లక్ష వ్యయమును ఇప్పించినది. నగల లెక్కను మాత్రము సివిలు కోర్టునకే విడిచినది. పిమ్మట రిజర్వుబ్యాంకు చేసిన నియమములు 2022 జనవరి 1నుండి అమలునకు వచ్చినవి. బ్యాంకు ఆవరణలో అగ్నివలన గాని, చోరీవలన గాని, బ్యాంకు ఉద్యోగుల మోసమువలన గాని నష్టము కలిగినచో ఏడాది అద్దెకు నూఱురెట్లవఱకు బ్యాంకు పూచీ. లోపలి సొమ్మును బీమా చేయు బాధ్యత దానికి లేదు; ఆ బీమాను అమ్మరాదని గూడ నిషేధము కలదు. ఏడాదికి 3,000 రూపాయల అద్దె యిచ్చువారికి హద్దు 3 లక్షలు. ఆ పెట్టెలో 15 లక్షల నగలుండవచ్చును.

ఇందు మాకు తోచినది చెప్పి విరమింతుము. పూర్వము ముద్ర యొక్కటే సాక్ష్యము. నేడు సాక్ష్యము సొంతదారుడే సిద్ధము చేసికొనవలెను. ఉంచిన వస్తువుల పట్టికను, కొన్న రసీదులను, ఛాయాచిత్రములను వేఱుచోట నుంచుట, ఏడాదికి ఒకటి రెండుమారులైన తెఱచి చూచుట, బీమాపత్రములో బలప్రయోగము, హద్దు, తెలియజేయు గడువు అను మూడు మాటలను వెదకి చదువుట, ఇవియే నేటి లక్కముద్రలు. వీనికంటె ముఖ్యమైన దింకొకటి. ఆ పెట్టెలలో నున్నది హెచ్చుభాగము స్త్రీధనము. ఐనను తాళపుచెవి మగవాని జేబులో, పత్రము మగవాని బీరువాలో నుండుట మన యిండ్లలో తఱచు. తన నగలు ఎచ్చట నున్నవో, వానికి ఎవరెంతవఱకు పూచీయో ఎఱుగని యిల్లాలు దొంగకు ముందే సగము నష్టపోయినది. మన సోదరీమణులు లాకరుపై తమ పేరును వ్రాయించుకొని, ఒడంబడికను తామే చదివి సంతకము చేయుదురుగాక. యాజ్ఞవల్క్యుని ధర్మమును కేతన తెలుగు చేసినట్లే, కంపెనీలును బ్యాంకులును తమ పత్రములను తెలుగున నిచ్చునట్లు అడుగుట మనయందఱి పని.